అడగ్గానే దిగిన బేరం

ఖమ్మంలో బట్టల దుకాణాల మధ్య పెరిగినదాన్ని. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. ఇప్పటికీ కూరగాయలు కొన్నాక గుప్పెడు కొత్తిమీర కొసరు రాకపోతే నాకు ఆ పూట అన్నం సహించదు. అలాంటి నేను ఒకసారి బ్యాంకుతో కూడా బేరమాడాను. అది బ్యాంకే అనుకున్నాను.

ఆ రోజు ములకలపల్లి సంతలో చీరలు పరుచుకుని కూర్చున్నాను. మా ఆయన ఖమ్మంలో దవాఖానాలో ఉన్నాడు, మరునాడే గుండె ఆపరేషన్. డబ్బు కట్టాకే లోపలికి తీసుకెళ్తామన్నారు. ఆ డబ్బంతా నా ఖాతాలో ఉంది. మరి సంతలో నీకేం పని అంటారేమో. ఆయన దగ్గర మా అత్త ఉంది. దవాఖానా వరండాలో కూర్చుంటే భయం పెరుగుతోంది, చీరల మధ్యనైతే కాస్త తగ్గుతుందని వచ్చాను.

మధ్యాహ్నం ఫోన్‌కు మెయిల్ వచ్చింది. పైన బ్యాంకు గుర్తు, కింద ఎర్రటి అక్షరాలు. వివరాలు సరిచూసుకోలేదు కాబట్టి ఈ సాయంత్రం నుంచి మీ ఖాతా ఆపేస్తున్నాం, వెంటనే ఈ లింకు నొక్కండి అని. నా అరచేతులు చల్లబడ్డాయి. స్ట్రెచర్ మీద ఆయన, కౌంటర్ దగ్గర పనిచేయని కార్డుతో నేను. కళ్ల ముందు ఆ బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.

లింకు నొక్కాను. కార్డు నంబరు కొట్టాను. పిన్ అడిగే గడి దగ్గర వేలు ఆగింది. తెలివితో కాదు, అలవాటుతో. అడిగింది అడిగినట్టు ఇచ్చేయడం మా వంశంలో లేదు. ఆ మెయిల్‌కే జవాబు రాశాను: సార్, మా ఇంట్లో ఆపరేషన్ ఉంది, రెండు రోజులు గడువివ్వండి.

ఫోన్ పక్కన పెట్టేలోపే తిరుగు మెయిల్ వచ్చింది. మీ ఇబ్బంది అర్థమైంది, మీ కోసం ప్రత్యేకంగా గడువు పెంచాం, ఇప్పుడు పిన్ ఒక్కటి నింపితే చాలు. అంత భయంలోనూ బేరం గెలిచానని లోపల ఓ మూల సంతోషపడ్డాను. సిగ్గులేని పుట్టుక.

అప్పుడే ఒక పెద్దామె వచ్చి పచ్చచీర పట్టుకుంది.

"చెల్లె, గిది ఎంతకిస్తవ్?"

ధర చెప్పాను.

"అబ్బో! బంగారంతోని నేసిన్రా ఏంది? సగానికియ్యి."

"సరే, తీస్కో అక్కా." ఫోన్ మీది నుంచి తల కూడా ఎత్తలేదు.

ఆమె చీరను వెలుతురుకు ఎత్తి చూసింది. అంచు గోటితో గీకింది.

"యాడన్న చినిగిందా?"

"లేదక్కా."

"రంగు పోతదా?"

"పోదు."

"మరి గింత జల్దీ ఎట్ల ఒప్పుకుంటివే? నాకద్దు తల్లీ. ఏదో ఉన్నది దీంట్ల."

చీర కుప్ప మీద పడేసి వెళ్లిపోయింది. మంచి చీరక్కా అని పిలవబోయాను. ఆమె అన్న మాటే చెవిలో తిరుగుతుంటే ఫోన్ వైపు చూశాను.

పాస్‌బుక్‌లో ముద్ర వేయించుకోవడానికి పూటలకు పూటలు నిలబెట్టే బ్యాంకు, నాకు క్షణంలో జవాబిచ్చిందా? అడగ్గానే దిగిందా? మెయిల్ మళ్లీ తెరిచాను. అందులో నా పేరే లేదు, ప్రియమైన ఖాతాదారు అని ఉంది. పంపినవారి చిరునామా మీద వేలు పెడితే బ్యాంకు పేరు వెనకాల సంబంధం లేని అక్షరాల తోక. అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. అవతల ఎవరో మనిషి కాచుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఆపరేషన్ అని వాడికి చెప్పింది నేనే.

పేజీ మూసేసి, సంచిలో ఉన్న పాస్‌బుక్ తీసి దాని మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తకముందే ఇంకో మెయిల్: "మేడమ్, ఆపరేషన్ అన్నారు కదా, ఆలస్యం చేయకండి."

చివరికి బ్యాంకు అమ్మాయి పలికింది. "మేం ఏ మెయిలూ పంపలేదండి. పిన్ ఇచ్చారా?"

"ఇయ్యలేదమ్మా. కార్డు నంబరు కొట్టిన."

"కార్డు ఆపేస్తున్నాను. ఖాతాకేం కాలేదు. పొద్దున బ్రాంచికి వెళ్తే డబ్బు నేరుగా దవాఖానా ఖాతాకు పంపుతారు."

ఏం కాలేదన్న మాటను రాత్రంతా నమ్మలేదు. తెల్లారి బ్యాంకు తాళం తీయకముందే మెట్ల మీదున్నాను. డబ్బు దవాఖానాకు చేరిందన్న కబురు వచ్చాకే పరుగెత్తాను.

మెయిల్ సంగతి ఆయనకు చెప్పలేదు, లోపలికి తీసుకెళ్తుంటే చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

"గింత సల్లగున్నయేంది నీ చేతులు? నాకేమన్న అయితదని గింత భయమా?" అన్నాడు, మురిసిపోతూ.

"అవ్" అన్నాను, బేరమాడకుండా.