సీసాలో మిగిలిన నీళ్ళు

ఫిబ్రవరి ఆఖర్లో, పొద్దున పదకొండింటికి, భద్రాచలం అవతలి పోలీసు క్యాంపులో దిగాను. చుట్టూ ముళ్ళతీగ. నాలుగు మూలలా ఇసుక బస్తాల మోర్చాలు. రేకుల షెడ్లు, ఒక బోరు. అడవిలో కొత్త రోడ్డు వేస్తున్నారు. కూలీలు పనిలోకి దిగేలోగా ఆరు కిలోమీటర్ల దారి వెతికి, మందుపాతర లేదని తేల్చడం మా డ్యూటీ. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. రైఫిలు, తూటాలు, జాకెట్టు, రెండు లీటర్ల నీళ్ళు, శనగలు, బెల్లం. అంతా కలిపి పద్దెనిమిది కిలోలు. మాది తల్లాడ. ఇంటికి మూడు గంటల బస్సు. అయినా ఐదు నెలల్లో ఒక్కసారీ పోలేదు.

ఎన్ని తూటాలు పేల్చావని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. విసుగొస్తుంది. ఒక్కటీ పేల్చలేదు. నడిచాను, చెమటోడ్చాను, మిగతా టైమంతా నరకం గురించి వాదించాను.

వాదన మా రేడియో ఆపరేటర్‌తో. దమ్మపేట మనిషి, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. నేను బాప్టిస్టు సంఘపెద్ద కొడుకును. సాగర్ కాలువలో నిలువునా ముంచి లేపితేనే మా వాళ్ళకు బాప్తిస్మం. ఒకే మోర్చాలో ఇద్దరు క్రైస్తవులుంటే కలిసి ప్రార్థన చేసుకుంటారని అందరూ అనుకున్నారు. మేము కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మా ఇద్దరి మధ్య నలిగింది ఎర్రయ్య. కోయ మనిషి, యాభై దాటాయి. క్యాంపు వాళ్ళు దారి చూపడానికి పెట్టుకున్నారు. మాకు పదడుగులు ముందు నడిచేవాడు. మట్టి రంగు తేడాగా ఉంటే ఆగి చెయ్యెత్తేవాడు. అలా రెండుసార్లు మమ్మల్ని కాపాడాడు. నేనింకా అన్నం తింటున్నానంటే ఆయన చలవే.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, నీడన కూర్చున్నప్పుడు ఆపరేటర్ కదిపాడు.

"ఎర్రయ్య సస్తే ఏడికి పోతడంటవ్?"

"రక్షణ లేదు గదా. నరకానికే."

"ఎన్ని దినాలు?"

"దినాలేంది? ఎప్పటికీ."

"రెండుసార్లు నిన్ను బతికిచ్చినోణ్ణి అట్లంటవా? మా దాంట్ల ఉత్తరించు స్థలం ఉంటది. ఆడ కాలి, శుద్ధమై, పైకి పోతరు. మనం పూజలు చెప్పియ్యొచ్చు."

"అది మీ ఆర్‌సీఎం వాళ్ళకే గదా. ఎర్రయ్యకేడిది?"

"దేవునికి తెల్వదా ఏంది," అన్నాడు ఆపరేటర్.

ఎర్రయ్య తునికి పండు వొలుచుకుంటూ అంతా విన్నాడు. నవ్వాడు. "మావోళ్ళు సస్తే ఏడికీ పోరు సారూ. ఊరి బయట రాయి పాతుతం. ఆడ్నే ఉంటరు. దూపైతదని నీళ్ళు పోస్తం."

ఆ రోజే ఆపరేటర్ నాకు ఇంకొకటి చెప్పాడు. చావుబతుకుల్లో ఉన్నవాడికి ఎవరైనా జ్ఞానస్నానం ఇయ్యొచ్చట. నెత్తి మీద మూడుసార్లు నీళ్ళు పోస్తే చాలట. నేను ఎగతాళి చేశాను. "నాలుగు చుక్కలకు బాప్తిస్మమా? తులసిమొక్కకు పోస్తున్నవా?" అన్నాను. ఎర్రయ్య కూడా నవ్వాడు.

మే నెల, మంగళవారం. తిరుగుదారి. పన్నెండూ పది. వాగు ఎండిపోయింది. అందరి సీసాలూ ఖాళీ, నా దాంట్లో రెండు గుక్కలున్నాయి. ఎర్రయ్య చెయ్యెత్తాడు. ఆగాం. ముందున్న మందుపాతరను చూసి ఆయన ఒక అడుగు వెనక్కి, దారి పక్కకు వేశాడు. ఆ అడుగు కింద ఇంకొకటి పేలింది.

తొడ, పొట్ట. దగ్గరున్నది నేనే. పట్టీ పెట్టి రెండు చేతులతో అదిమాను. మిగతావాళ్ళు చెట్ల చాటుకు పోయి చుట్టూ కాపు కాశారు. ఆపరేటర్ క్యాంపు నర్సింగ్ అసిస్టెంట్‌తో మాట్లాడి అక్కణ్ణుంచే కేకేశాడు. "బండికి నలభై నిమిషాలు. తాగనియ్యొద్దంట. పెదాలు తడుపుమంటుండు. పెదాలు."

"దూపైతంది సారూ," అన్నాడు ఎర్రయ్య.

విన్నాను. ఆర్డరూ విన్నాను. కానీ ఆయన ముఖం చూస్తే నలభై నిమిషాలు ఉండడని తెలిసిపోయింది. ఆ తర్వాత నరకం, 'ఎప్పటికీ' అన్న మాట నాదే. నేనే అన్నాను. భయమేసింది. మందుపాతరకు కూడా అంత భయపడలేదు.

ఒక చేత్తో సీసా మూత తీశాను. ఆ చప్పుడుకు ఎర్రయ్య నోరు తెరిచాడు. నేను నెత్తి మీద పోశాను. తండ్రి నామమున అని ఒకసారి. కుమారుని నామమున అని ఒకసారి. మూడోసారికి సీసా అయిపోయింది.

పన్నెండూ ముప్పై ఒకటికి పోయాడు. పన్నెండూ యాభైకి బండి వచ్చింది.

సాయంత్రం మోర్చాలో ఆపరేటర్‌కు చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"అడిగినవా ఆయన్ని, ఇష్టమేనా అని?"

"లే."

"తెలివిల ఉన్నోణ్ణి అడగాలె గదా." రేడియో తీగ చుట్టడం మొదలుపెట్టాడు. "నీకు సగమే చెప్పిన. తప్పు నాదే."

తర్వాత నరకం మాట మేమెప్పుడూ ఎత్తలేదు.

మూడు వారాలకు ఇద్దరం ఎర్రయ్య ఊరికి పోయాం. ఊరి బయట కొత్త రాయి పాతారు. ఆయన భార్య చెంబుతో నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి లేచింది.

"దగ్గర ఉన్నది నువ్వేనంట గదా సారూ. ఆఖరుకి నీళ్ళన్న తాగిండా?"

ఆపరేటర్ తల తిప్పుకున్నాడు.

"అవ్ అమ్మా. తాగిండు," అన్నాను.

"అయితే దూప లేకుండ పోయిండు. గది సాలు," అంది. ఎండన పడి వచ్చారని లోపలికి పోయి మాకూ నీళ్ళు తెచ్చింది. సిగ్గు లేకుండా చెంబెడూ తాగాను.

జూలైలో తల్లాడకు బస్సెక్కాను. వానకు రోడ్డంతా బురద. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడిగాను. "ముంచలేదు, ఆయన ఒప్పుకోలేదు. అది బాప్తిస్మమెట్లయితది?" అన్నారు. మరి ఎర్రయ్య సంగతేమిటంటే, "నీకు తెల్వనిదా," అని భుజం తట్టారు. మంచి మనిషే. ఇంటికొచ్చాక నాన్న, "మంచికే చేసినవ్ గదరా, ఇడిసిపెట్టు," అన్నాడు.

నిత్యనరకం ఉందో లేదో నాకిప్పుడు తెలియదు. వాదించే ఓపిక పోయింది. గుడికి పోతాను. నరకంలో నీటిచుక్క దొరకదని పాస్టరు గారు మొదలుపెట్టగానే లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడతాను.

అక్కడ నిలబడితే ఆ మంగళవారమే కనిపిస్తుంది. నేను పోసిన నీళ్ళు కణతల మీదుగా మట్టిలోకి పోయాయి. ఒక్క చుక్క ముక్కు పక్కగా జారి మీసం మీద ఆగింది. ఎర్రయ్య నాలుక బయటికొచ్చి దానికోసం వెతికింది. అందలేదు.