పసుపు గీత గీసిన మనిషి

ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. కోల్‌కతా ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో మా సంఘం అద్దెకు తీసుకున్న గదిలోని పంకాకు రెండే వేగాలున్నాయి. ఒకటి, తిరగకపోవడం. రెండవది, ఓడరేవు మీదికి తుఫాను వచ్చినట్టు తిరగడం. మధ్యేమార్గం లేదు. తిరిగేటప్పుడు అది ఊగుతుంది. ఊగినప్పుడల్లా పైన కొక్కెం దగ్గర టక్కుమని చప్పుడవుతుంది. ఇంటి యజమానికి చెబితే, పాతకాలపు సామాను గనుక గట్టిదని గర్వపడతాడు. మేము పారిశ్రామిక భద్రతాధికారుల సంఘం వాళ్ళం. అంటే, ఇతరుల కప్పులకు వేలాడే వస్తువుల గురించి ఇతరులను హెచ్చరించడం మా వృత్తి.

సంస్మరణ వ్యాసాన్ని పంకాతో ఆరంభించడం మర్యాద కాదని ఎరుగుదును. కానీ ఎవరిని తలుచుకుని ఇది రాస్తున్నానో ఆయన ఏ గదిలో అడుగుపెట్టినా మొదట తలెత్తి పైకి చూసేవారు. మనుషుల్ని తర్వాత పలకరించేవారు.

కొల్లి యేసురత్నం గారు గత ఆదివారం ఉదయం నది అవతల లిలువాలోని తమ ఇంట, చర్చికి బయలుదేరబోతూ, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ప్రభువునందు నిద్రించారు. ఆ వార్త నాకు ఫోనులో చెప్పినవాడు మా శాఖకు కాబోయే అధ్యక్షుడు సుబ్రత. బెంగాలీ గనుక రత్నం గారిని అన్నయ్య వరసలో రత్నోదా అనేవాడు. "రత్నోదా లేరు" అన్నాడు. "సరే, ఎంతసేపు?" అన్నాను. అవతల అతను ఏడవడం వినిపించింది. నా ప్రశ్నలోని క్రౌర్యం నాకప్పుడు తెలియలేదు. ఎందుకంటే మా సంఘంలో ఒక మనిషి 'లేకపోవడం' రత్నం గారు నేర్పిన ఒక పాఠం, దానికొక నిర్ణీత వ్యవధి ఉంటుంది. ఆ పాఠం సంగతి తర్వాత చెబుతాను.

రత్నం గారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఫిట్టరుగా లిలువాకు వలస వచ్చిన మనిషి. కుమారుడు చదువుకుని, నది ఒడ్డు కర్మాగారాల్లో భద్రతాధికారిగా జీవితమంతా గడిపి, పదవీ విరమణానంతరం మా కోల్‌కతా శాఖలో ఒక విచిత్ర వ్రతాన్ని స్వీకరించారు. శాఖకు ఎన్నికయ్యే అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, కోశాధికారిని ఏటేటా తయారు చేయడం ఆ వ్రతం. ఇవి జీతం లేని పదవులు. వాటికి మనుషులు దొరకడం కష్టం, దొరికినవారు నిలవడం మరీ కష్టం. ఆయన వద్ద తర్ఫీదు పొందినవారు నిలిచేవారు. కొందరు భక్తితో, కొందరు భయంతో, నాబోటివారు పారిపోయే మార్గం స్ఫురించక.

నేను తొలిసారి వెళ్ళినప్పుడు ఆయన నన్ను ఆపాదమస్తకం పరిశీలించి, "ఏటి బాబూ, ఎందుకొచ్చినావు?" అన్నారు.

"సమాజసేవ చేద్దామని అండీ."

"సేవ సరే. ఆదివారం పొద్దున్న ఈ గది తాళం ఎవులు తీస్తారు?"

నేను తీస్తానన్నాను. నాకు తెలియకుండానే అప్పుడే కార్యదర్శిగా నా ఎన్నిక జరిగిపోయింది. మిగతాదంతా లాంఛనం.

ఆదివారం తాళం తీయడం చిన్న సంగతి కాదు. ఆ రోజే మా సభ్యులు జట్లుగా బయలుదేరి, భద్రతాధికారిని నియమించుకునే స్తోమత లేని ఇనుము చెక్కే చిన్న చిన్న లేతు షాపులకూ, గోదాములకూ ఉచితంగా వెళ్ళి, ఏది ఎప్పుడు ఎవరి మీద పడబోతోందో చూసి వస్తారు. నది దిగువన బడ్జ్ బడ్జ్ దాకా వెళతారు. ఆ పని మరెవరూ చేయరు. ఈ నెలాఖరులోగా శిక్షణ ముగించిన ముగ్గురు బాధ్యతలు స్వీకరించకపోతే మా శాఖను వేరే నగరపు శాఖలో విలీనం చేస్తామని కేంద్ర కార్యాలయం తెలియజేసింది. విలీనం సౌమ్యమైన పదం. వేరే నగరం నుంచి వాట్‌గంజ్ సందులోని లేతు షాపుకు ఆదివారం పూట ఎవరు వస్తారన్నది అంత సౌమ్యమైన ప్రశ్న కాదు.

శిక్షణ మొదటి రోజున ఆయన ప్రతి జట్టుకూ ఒకే కథ చెప్పేవారు. నది ఒడ్డున ఒక జనపనార మిల్లు. పై అంతస్తు నుంచి బేళ్ళు దించే గొలుసులో ఒక లంకె అరిగింది. కూలీ చూసి మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ సూపర్‌వైజరుకు చెప్పాడు. సూపర్‌వైజరు ఆఫీసులో చెప్పాడు. చెప్పిన ప్రతివాడి గుండె మీది బరువు దిగిపోయింది. మర్నాడు కొత్తగా పనిలో చేరిన ఒక యువకుడు ఆ గొలుసు కింద నిలబడ్డాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

"అందరూ చెప్పీసినారు," అనేవారు రత్నం గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "చెప్పినోళ్ళందరూ ఇంకా బతికే ఉన్నారు."

ఆ చెప్పినవారి వరసలో తాను ఎన్నోవాడో ఆయన ఏనాడూ వెల్లడించలేదు. మేమూ అడగలేదు. కథ ముగిశాక ఆయన తలెత్తి పంకా వైపు చూసేవారు.

పంకా ప్రస్తావన వచ్చింది గనుక చెబుతున్నాను. దాని కింద, నేల మీద, ఆయన స్వహస్తాలతో పసుపు రంగుతో ఒక వలయం గీశారు. ఆ వలయంలో ఎవరూ కుర్చీ వేయరాదు, నిలబడరాదు. క్రమంగా మాకది అలవాటైపోయింది. గది నడిబొడ్డు ఖాళీగా, మేమందరం గోడల వెంబడి, దండనకు నిలబెట్టిన బడిపిల్లల్లా కూర్చుని, తూర్పు భారతపు పారిశ్రామిక భద్రత గురించి చర్చించేవాళ్ళం.

కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ మొదటి వారంలోనే ఆ కొక్కెం వదులైన సంగతి కనిపెట్టి ఆయనతో చెప్పేవాడు. ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే. "చూసినావు. చెప్పినావు. మరేటి?" ఆ 'మరేటి' ఆయన ఊతపదమని మేమనుకున్నాం. ఒకసారి సుబ్రత ధైర్యం చేసి, "దీన్ని బాగుచేయించవచ్చు కదా దాదా?" అన్నాడు. "చేయించొచ్చు," అన్నారు రత్నం గారు, అతని ముఖంలోకి చూస్తూ. చాలాసేపు అలాగే చూశారు. సుబ్రత తృప్తిగా కూర్చున్నాడు. ఆయన అంగీకరించారు కదా!

ఇక ఆ పాఠం. సమావేశం మంచి పాకంలో ఉండగా ఆయన హఠాత్తుగా ఒకరి వైపు వేలు చూపి, "నువ్వు లేవు" అనేవారు. ఆ వ్యక్తి తక్షణం లేచి కిందనున్న టీ దుకాణానికి వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. పైన మిగిలినవారు, అతడు ఆ ఉదయమే మరణించాడన్న భావనతో, సమావేశాన్ని ముగింపు దాకా నడపాలి. అధ్యక్షుడు పోయినా, కార్యదర్శి పోయినా పని ఆగకూడదు. "మనిషి ఉన్నప్పుడు నడిచీది మనిషి గొప్ప. లేనప్పుడు నడిస్తేనే సంఘం" అనేవారు. మేము ఒకరి మరణాలను ఒకరం ఎంతో సమర్థంగా నిర్వహించాం. నేను పోయినప్పుడు శాఖ నాకంటే బాగా నడిచిందని అందరూ ఏకగ్రీవంగా అన్నారు. నేను దాన్ని హాస్యంగా స్వీకరించాను. మరొక రకంగా స్వీకరించే అవకాశం లేదు.

ఈ ఏడాది మధ్యలో ఆయన వేలు తన వైపే తిప్పుకున్నారు. "ఈరోజు నేను లేను" అని, గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మొదట కిందికి వెళ్ళింది సుబ్రత, ఎజెండాలో ఏ అంశం ముందో అడగడానికి. తర్వాత నేను, సుబ్రత ఎందుకింకా రాలేదో చూడడానికి. చివరికి శాంతి. శాంతి మా కాబోయే కోశాధికారి. ఆమె తాతముత్తాతలు కార్పొరేషన్ పారిశుధ్య పనికి విజయనగరం వైపు నుంచి వచ్చినవారు. ఆమె ఓడరేవు గోదాములో భద్రతాధికారి. నిజంగా ముఖ్యమైన విషయం తెచ్చింది ఆమె ఒక్కతే. "సార్, కొక్కెం ఇంకొంచెం జరిగినట్టుంది. ఎవరికి చెప్పాలి?"

రత్నం గారు మట్టి పాత్రలో టీ తాగుతూ నది వైపు చూస్తున్నారు. "ఎవులితో మాట్లాడుతున్నావమ్మా? ఇక్కడ ఎవులున్నారు?"

"ఆరే సార్, మజాక్ చెయ్యకండి. మీరే కదా!"

"నేను పొద్దున్న పోయినాను."

మేం ముగ్గురం నవ్వాం. టీ దుకాణం వాడూ నవ్వాడు. ఆయన నవ్వలేదు. టీ పూర్తిచేసి, అక్కడి అలవాటు ప్రకారం మట్టి పాత్రను నేలకేసి కొట్టి, గొడుగు తెరిచి వానలో బస్సు వైపు నడిచారు. పైన మిగతా సభ్యులు, సమావేశం ఎక్కడ ఆగిందో అక్కడే, మా కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన తిరిగివస్తారేమోనని మేమూ కాసేపు ఎదురుచూసి, పంకా కట్టేసి, తాళం వేసి ఇళ్ళకు వెళ్ళాం.

ఆ మరుసటి వారం ఏదో పని మీద నేను లిలువాలో వాళ్ళింట ఉండగానే ఆయన సంఘం నుంచి వచ్చారు. ఆయన సహధర్మచారిణి సుగుణమ్మ గారు తలుపు తీస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "పడిందేటి?"

"ఇంకా లేదు."

"ఎవులైనా ఎక్కేరేటి?"

"ఎవులూ లేదు."

ఆమె నిట్టూర్చి నాకు ఉప్మా పెట్టారు. వృద్ధ దంపతుల సంభాషణలు సంకేతభాషలో ఉంటాయని సరిపెట్టుకుని, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

నిన్న మా గదిలో సంతాపసభ. సభానంతరం అక్కడే మేము ముగ్గురం పదవీ బాధ్యతలు స్వీకరించాలని నిర్ణయం. మధ్యాహ్నం ఏర్పాట్లు చూడడానికి ముందుగా చేరుకున్నాం. శాంతి గుమ్మంలోనే ఆగి పైకి చూసింది.

"దాదా, నాకొక డౌట్," అంది సుబ్రతతో. "ఇది పరీక్షా?"

"ఏది?" అన్నాడు సుబ్రత.

"పంకా. ఇన్నేళ్ళు. ఎవరైనా ఆయనకి చెప్పకుండా నిచ్చెన వేసి ఎక్కుతారా అని చూశారా?"

కొక్కెం కింద గచ్చు మీద సన్నని ఇటుకపొడి రాలి ఉంది. మేము ముగ్గురం దాన్ని చూశాం. ఒకరితో ఒకరం చెప్పుకున్నాం కూడా. సుబ్రత గడియారం చూసుకుని, "నిజమే కావచ్చు. ముందు సభ కానివ్వండి, తర్వాత ఒక ఉపసంఘం వేద్దాం" అన్నాడు. ఆ మాటలో అధ్యక్షుడి గాంభీర్యం అప్పుడే తొంగిచూసింది.

ఆ తర్వాత టెంటువాళ్ళు వచ్చి నేలంతా ఎర్రటి జంబుఖానా పరిచారు. పసుపు వలయం దాని కిందికి వెళ్ళిపోయింది. గది మధ్యన బల్ల వేసి, రత్నం గారి చిత్రపటం నిలిపి, తెల్లని రజనీగంధ దండ వేశారు. దాని పక్కనే అధ్యక్షుడి కుర్చీ. జనం అంచనాకు మించి వచ్చారు. మిల్లుల వాళ్ళు, డిపోల వాళ్ళు, చర్చి పెద్దలు, చేతులకు గ్రీజుతో లేతు షాపుల యజమానులు. ఉక్క భరించలేనిదైంది. ఎవరో స్విచ్ వేశారు. ఎవరు వేశారో ఇంతవరకూ ఎవరూ చెప్పడం లేదు.

వక్తలందరూ ఒకే మాట అన్నారు. ఆయన లేని లోటు పూడ్చలేనిది, ఆయన స్థానం భర్తీ కానిది. ఒక్కొక్కరూ ఆ మాట అన్నప్పుడల్లా పైన టక్కుమంటూనే ఉంది. నేనూ మాట్లాడాను, నేనూ అదే అన్నాను. కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు. జీవితపు చివరి అధ్యాయాన్నంతా మనుషుల స్థానాలను మనుషులతో భర్తీ చేయడానికే ధారపోసిన మహనీయుడికి, ఆయన స్థానం భర్తీ కాదని చెప్పడం నివాళి కాదు, ఫలితాల ప్రకటన. ఆ ఫలితాల్లో మేము ఉత్తీర్ణులమైన దాఖలా లేదు. ఆ నిరాడంబర మూర్తికి, మృత్యువు ఎక్కడ వేలాడుతోందో అందరికంటే ముందు చూసిన ఆ దీర్ఘదర్శికి, ఈ అక్షరాలతో నమస్కరిస్తున్నాను. ఆయన ఉంటే ఈ నమస్కారానికీ 'మరేటి' అనేవారని తెలిసే నమస్కరిస్తున్నాను.

బాధ్యతల స్వీకారానికి వేళయింది. సుబ్రతను అధ్యక్షుడి కుర్చీలో కూర్చోమన్నాను. "ఆయన పటం పక్కన నేనెలా కూర్చుంటాను? నువ్వు కూర్చో" అన్నాడు. నేను శాంతిని కూర్చోమన్నాను. ఆమె గోడకు ఆనుకునే నిలబడి తల అడ్డంగా ఊపింది. కేంద్ర కార్యాలయం నుంచి వచ్చిన ప్రతినిధి గొంతు సవరించుకున్నాడు. లేతు షాపుల వాళ్ళు మా ముఖాల వైపు చూస్తున్నారు. కుర్చీ ఖాళీగా ఉంది. పైన టక్కు, టక్కు.

అప్పుడు తలుపు దగ్గర కదలిక. తెల్లచీరలో, చర్చి వాళ్ళ చెయ్యి ఊతంగా, సుగుణమ్మ గారు వచ్చారు. మా ముగ్గురికీ ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళ శిక్షణలో ఎన్నడూ లేనంత ఐకమత్యంతో ముందుకురికి, ఆమెకు దారిచ్చి, ఆ కుర్చీ వెనక్కి లాగి, "రండమ్మా, ఇక్కడ, ముందు, గౌరవంగా" అన్నాం.

ఆమె జంబుఖానా అంచు దగ్గరే ఆగిపోయారు. భర్త చిత్రపటం వైపు చూడలేదు. తలెత్తి పైకి చూశారు. తర్వాత నెమ్మదిగా మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు.

"ఇన్నాళ్ళూ ఎవులూ ఎక్కలేదు, సరే. ఇప్పుడు నన్ను దీని కింద కూకోబెడతారేటి?"