బాబాయి కారుకి లావు టైర్లు వేసిన వారం

మా చిన్నప్పుడు... మలేషియాలో, బంటింగ్ అనే ఊళ్ళో మా ఇంటి ముందు గచ్చు మీద ఒక పాత అమెరికా కారు నిలబడి ఉండేది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి! ఎస్టేటు దొర ఒకాయన ఊరొదిలి వెళ్ళిపోతూ అమ్మేస్తే మా బాబాయి కొనుక్కున్నాడు.

బాబాయి పోర్ట్ క్లాంగ్‌లో లారీలు బాగుచేసేవాడు. పెళ్ళి కాలేదు. పొద్దస్తమానం ఆ కారునే తుడుచుకుంటుంటే, "దీన్నే కట్టుకోరా, ఓ పనైపోద్ది" అని నాన్నమ్మ తిట్టేది.

ఆఖరికి సంబంధం కుదిరింది. కువాలా సెలంగోర్ అమ్మాయి. వారంలో నిశ్చితార్థం అనగా బాబాయికి ఒక పిచ్చి పట్టింది... వెనక చక్రాలకి లావు టైర్లు వేయించాలని. అత్తారి వీధిలో కారు ఆగితే చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలట!

వేయించాడు. చూడ్డానికి భలే ఉంది, కాదనను. కానీ టైరు పైకి ఉబ్బి మడ్‌గార్డు లోపలి అంచు దాకా వచ్చేసింది. ఆ రేకు అంచు లోపలికి మడవాలి, లేదంటే కోసెయ్యాలి అన్నాడట టైర్ల షాపు చైనా ముసలాయన. కొత్తగా వేయించిన రంగు పెచ్చులూడిపోతుందని బాబాయి ఒప్పుకోలేదు. నిశ్చితార్థం అయ్యాక చూద్దాంలే అనుకున్నాడు.

ఇంటికొచ్చి నన్ను పిలిచాడు. టైరుకీ రేకుకీ మధ్య సందులో ఆయన వేలు పట్టదు. నాది పదేళ్ళ పిల్ల వేలు కదా...

"ఏలెట్టి సూడే. దూరినాదా?"

"దూరినాది బాబాయ్."

"సాల్లే! నీ ఏలు దూరితే ఇంక టైరేటి తగుల్తాది?"

నాకు ఎంత గర్వమో! ఆ వారమంతా వచ్చేపోయేవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించాను. అది ఖాళీ కారు అన్న ఆలోచన ఆయనకి ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు. సరుకెత్తిన లారీ ఎంత కుంగుతుందో రోజూ చూసే మనిషి! పెళ్ళి సంబరంలో ఉన్నాడు, అంతే.

మా నాన్నమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు, వెనక నుంచి పిలవకూడదు. నోరు జారితే మొట్టికాయే. మంచి పనికి వెళ్ళేటప్పుడైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించందే బండి కదలనిచ్చేది కాదు.

ఆ రోజు పొద్దున్న నిమ్మకాయలు పెట్టే పని నాదే. మా ముగ్గురు మేనత్తలూ వెనక సీట్లో ఇరుక్కున్నారు... ముగ్గురూ ముగ్గురే, బియ్యం బస్తాలు! వాళ్ళ వెనకాల పళ్ళ తట్టలు, లడ్డూల డబ్బాలు, కొబ్బరికాయల మూట. ముందు సీట్లో బాబాయి పక్కన నాన్నమ్మ. నాకూ అమ్మకీ చోటు లేక ఉండిపోయాం.

ముందు చక్రాల కింద రెండు కాయలు పెట్టాను. వెనక్కొచ్చి వంగి, అలవాటుగా ఎడమ టైరు మీద వేలు పెట్టాను.

గోరు కూడా దూరలేదు. బరువుకి కారు కుంగి రేకు అంచు టైరుని ఆనుకుని ఉంది. అంచు కత్తిలా తగిలింది.

మిగతా రెండు కాయలూ గబగబా పెట్టేసి, ముందు కిటికీ దగ్గరికి పరిగెత్తాను. "బాబాయ్... ఏలు..." అన్నానో లేదో, కిటికీలోంచి నాన్నమ్మ చెయ్యి వచ్చి నా నోరు మూసేసింది.

"నోర్ముయ్యే! బయలెల్లినప్పుడు అపశకునం మాటలేటి?"

ఆ ఇంజను రొదలో బాబాయికి ఏమీ వినబడలేదు. నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేను మళ్ళీ అరిచి ఉండాల్సింది... అరవలేదు. జరగరానిది జరిగితే నా నోటివల్లే జరిగిందంటారని భయపడ్డాను. పదేళ్ళ పిల్లకి అంత తెలుసా అంటారేమో. మా ఇంట్లో అయిదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

నాలుగు నిమ్మకాయలూ చక్కగా చితికాయి. నాన్నమ్మ మొహం వెలిగిపోయింది. వీధి మలుపు తిరుగుతుంటే 'చర్ర్...' మని గీసుకున్న చప్పుడు. "ఏటే అది?" అంది అమ్మ. "ఏటీ లేదమ్మా" అన్నాను.

మలుపు దాకా వెళ్ళి చూశాను. రోడ్డు మీద దారమంత సన్నటి నల్ల రబ్బరు పోగు, ఇంకా వెచ్చగా ఉంది. గౌను జేబులో దాచుకుని వచ్చి ఫోను పక్కన కూర్చున్నాను. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. ఒంటిగంట దాటాక ఫోను మోగింది.

పామాయిల్ తోటల పక్క రోడ్డులో ఎడమ వెనక టైరు పేలి కారు కాలవలోకి దొర్లిందట. అత్తలు దెబ్బలతో బయటపడ్డారు, బాబాయికి చెయ్యి విరిగింది. నాన్నమ్మ మూడో రోజున ఆస్పత్రిలో పోయింది. అమ్మాయివాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. బాబాయి ఇంక పెళ్ళి మాటే ఎత్తనివ్వలేదు.

ఇప్పుడాయనకి డెబ్బై దగ్గర పడ్డాయి. ఏటా నాన్నమ్మ తద్దినం భోజనాలయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంటాడు.

"నీ ఏలు దూరినాది కదే?"

"దూరినాది బాబాయ్."

"మరేటైనాదే..." అని తల పట్టుకుంటాడు.

అబద్ధం కాదు కదా, వారం ముందు దూరింది! ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. నిజం చెబితే తల్లిని తనే చంపుకున్నానని అనుకుంటాడో, నన్నే అంటాడో... నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పటి పిల్లలు నయం. కారెక్కుతూనే టైరులో గాలి లేదనీ, బ్రేకు పట్టట్లేదనీ ఉన్నదున్నట్టు అనేస్తారు. నేను వెంటనే దిగి చూస్తాను. మా రోజుల్లో నోరు మూసుకోవడమే మంచి పిల్ల లక్షణం...

మీరూ అలా మింగేసిన మాట ఉంటే ఇక్కడ కక్కేయండి, తేలికపడతారు. నేను ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. మా బాబాయి నా పోస్టులు ఒక్కటీ వదలడు. ఆయనకి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. దీనికీ లైకు కొడతాడు.