మొరాస్‌కి ఎదురు పేజీ

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని సోంపేట బస్టాండులో తెలిసింది. ఆయనకు చూపించాలనే నోటుపుస్తకం పట్టుకుని ఆటో దిగాను. పకోడీల బండి ఆవిడ నన్ను గుర్తుపట్టి, "మీ మాస్టారు తెల్లారగట్ల పోనారమ్మా" అంది.

ఉద్దానంలో ఇంటింటికీ వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. డయాలసిస్‌కి విశాఖ వెళ్లి వచ్చేవారు. నీళ్లు కొలిచి తాగమన్నారు డాక్టర్లు. చిన్న స్టీలు గ్లాసు పక్కన పెట్టుకుని, పాఠంలో ఒక్కో పేరా అయ్యాక ఒక్క గుక్క తాగేవారు. "బీల ఒడ్డున పుట్టినోణ్ణి, నీళ్లు కొలుసుకు తాగతన్నాను సూడు" అని నవ్వేవారు. మాకు నవ్వొచ్చేది కాదు.

బీల అంటే మా ఊళ్ల పక్కన ఏడాదంతా నీరు నిలిచే చిత్తడి నేల. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగాను. 'మొరాస్' అని బోర్డు మీద రాసి, ఆ మాట పుట్టుక వెతికి నోటుపుస్తకంలో ఒక పేజీ రాసి తెమ్మన్నారు. ఎదురు పేజీలో మాత్రం మన మాటలు ఉండాలన్నారు. బీలలో దిగేవాళ్లు బురదను ఎన్ని రకాలుగా పిలుస్తారో అడిగి రాయాలి. "నేనుండగా ఇనిపించు" అన్నారు.

నేను పలాస లైబ్రరీకి పరుగెత్తాను. ఇంగ్లీషువాళ్లు డచ్చివాళ్ల దగ్గర, డచ్చివాళ్లు ఫ్రెంచి 'మరే' నుంచి, ఫ్రెంచివాళ్లు అంతకుముందు ఫ్రాంకులనే పాత తెగ దగ్గర తీసుకున్నారట. బయటపడలేని చిక్కు అనే అర్థం తర్వాత వచ్చింది. ఒక మాట ఇంత దూరం నడిచిందా అని నాకు నిద్ర పట్టలేదు.

మాస్టారు ఇంట్లో మంచం మీద పడుకునే అంతా విన్నారు. "బాగుంది. మరి మనవి?"

ఎదురు పేజీ ఖాళీ. వచ్చేవారం అన్నాను. ఆ వారం మళ్లీ వచ్చేవారం అన్నాను.

ఈ ఉదయం నాయనమ్మను అడిగాను. అడ్డచుట్ట సగం కాలేలోపు చెప్పేసింది.

"అడుసు కాలికంటుకుంటాది. రొంపి మోకాలు దాకా లాగుతాది. ఊబి మరి ఒగ్గదు. గేదె అడుగులో అడుగేసి నడవాలే గుంటా. ఇదడగడానికి ఇన్నాళ్లేటి?"

ఇన్నాళ్లు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఇంట్లో ఉన్న మనిషిని అడగడానికి లైబ్రరీ అక్కర్లేదు.

బస్టాండు నుంచి మాస్టారింటికి వెళ్లాను. ఆయన్ని వసారాలో పడుకోబెట్టారు. కిటికీలో స్టీలు గ్లాసు ఎవరూ తీయలేదు. తల దగ్గర కూర్చుని, నాయనమ్మ చెప్పినట్టే రాసుకున్న ఎదురు పేజీ మెల్లగా చదివాను.

పేరా అయింది. గ్లాసులో గుక్కెడు నీళ్లు అలాగే ఉన్నాయి.