అత్త ఒళ్ళో మతియు

మా రిపెకా అత్తకు పుట్టుకతోనే కుదురు లేదని ఊళ్ళోవాళ్ళంటారు. అది అబద్ధం. యుద్ధానికి ముందు ఆవిడ బుట్ట అల్లడానికి కూర్చుంటే, అది పూర్తయ్యేదాకా ఇల్లు కూలినా లేచేది కాదని మా నాన్న చెప్పేవాడు. నాకు బుద్ధి తెలిసేసరికి మాత్రం ఆవిడ కాలుగాలిన పిల్లి. పాలు పితుకుతూ కూడా మెడ తిప్పి పడవరేవు వైపే చూసేది. ఆవులకీ అదే అలవాటై, అవీ అటే చూసేవి.

ఆవిడ ఎదురుచూసేది తమ్ముడు మతియు కోసం. వాణ్ణి కని మా నాయనమ్మ కన్నుమూస్తే, అప్పటికి పెళ్ళీడుకొచ్చిన అత్తే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళి ఊసు మళ్ళీ ఎత్తలేదు. వరసకి వాడు నాకు చిన్నాన్న. కానీ ఇరవై రెండేళ్ళ దగ్గర ఆగిపోయిన మనిషిని, ఇప్పుడు నాకన్నా చిన్నవాణ్ణి, ‘ఆయన’ అనడానికి నా నోరు తిరగదు. వాడు లెక్కల్లో దిట్ట. పంతులు మెచ్చుకుని పంపిస్తే విమానదళంలో చేరాడు. ఆఖరిసారి సెలవుకి వచ్చినప్పుడు, ఆక్లాండ్‌లో టోపీ పెట్టుకుని తీయించుకున్న ఫోటో అద్దం కట్టించి మరీ అక్క చేతిలో పెట్టాడు. తర్వాత వాళ్ళ దళం ఉత్తరాన ద్వీపాలకు వెళ్ళింది. ఒక్కడే కూర్చుని నడిపే విమానం వాడిది. శత్రువుల రబౌల్ స్థావరం వైపు వెళ్ళి తిరిగి రాలేదు. ఆచూకీ లేదని తంతి వచ్చింది.

శవం రాకపోయినా ఏడుపు జరగాల్సిందే అన్నాడు మా తాత. మా హొకియాంగా రేవు వాళ్ళకి నలుగురూ కూడి ఏడవని చావు చావే కాదు. ఊరంతా కూడే మా మరై ముంగిట్లో, అక్కడి పెద్దిల్లు వసారాలో చాప పరిచి, మతియు ఫోటో దాని మీద నిలబెట్టారు. తలకి ఆకుల దండలు చుట్టుకుని ఆడవాళ్ళు గొంతెత్తబోతుంటే అత్త దూసుకొచ్చి ఫోటో లాక్కుంది.

“ఎవరి కోసమర్రా మీ ఏడుపు? ఆచూకీ లేదన్నారు. పడ్డాడన్నారా? ఆ కాగితంలో పడ్డాడని ఉందా?”

“ఆ మాటకి అర్థం అదేనే తల్లీ,” అన్నాడు తాత.

“ఆ అర్థమేదో నీ దగ్గరే పెట్టుకో నాన్నా. బతికున్నవాడి కోసం ఏడిస్తే ఆయుష్షు తరిగిపోద్ది.”

ఆ మాటతో అందరి నోళ్ళూ కట్టేసింది. తాత మరెన్నాళ్ళో బతకలేదు. కొడుకు కోసం నోరారా ఏడవకుండానే పోయాడు. “నాన్న ఏడుపు నాన్న గొంతులోనే ఉండిపోయింది. నీ వల్లే,” అని మా నాన్న ఆవిడతో మాట్లాడటం మానేశాడు. అక్కాతమ్ముళ్ళు ఒకే కంచెకి చెరోవైపు ఉంటూ, ఉప్పు కావాలన్నా నా చేత కబురు పంపుకునేవారు. ఈ విషయంలో నేను మా నాన్న పక్షమే, ఇప్పటికీ. అంత ప్రేమ అంత మొండిగా ఉండకూడదు.

మా దగ్గర చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దిల్లు గోడల మీద ఉంటాయి. ఎవరైనా పోతే వాటిని దించి శవపేటిక చుట్టూ నిలబెడతాం. వచ్చినవాళ్ళు కొత్తగా పోయినవాళ్ళతో పాటు పాతవాళ్ళనీ తలుచుకుని ఏడుస్తారు. బతికున్నవాళ్ళ ఫోటో పొరపాటున కూడా అక్కడ ఉండకూడదు. మతియు ఫోటో గోడెక్కలేదు. అది అత్త ఒళ్ళో ఉండేది. ఏ ఊళ్ళో చావన్నా ఆవిడ ఫోటోతో సహా బయలుదేరేది. చావు దగ్గరికి నాలుగు దిక్కుల జనం వస్తారు, యుద్ధం చూసొచ్చినవాళ్ళు, ఓడల్లో తిరిగినవాళ్ళు, వాళ్ళలో ఒక్కడైనా వీణ్ణి చూసి ఉండడా అన్నది ఆవిడ ఆశ. అందరూ ఏడుస్తుంటే ఈవిడ మాత్రం ఫోటో మొహం జనం వైపు తిప్పి, “వీణ్ణెక్కడైనా చూశావా బాబూ?” అని అడుగుతూ తిరిగేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మా వాళ్ళు చావు దగ్గర కూడా వేళాకోళం మానరు. “రిపెకా, మీ వాడికి టీ పొయ్యమంటావా?” అని అడిగేవారు. “పొయ్యి, పంచదార ఎక్కువ వెయ్యి,” అని కప్పు అందుకుని తనే తాగేసేది. “వాణ్ణి కాస్త కింద దింపవే, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి,” అని ముసలాళ్ళంటే మాత్రం ఫోటోని ఇంకా దగ్గరికి హత్తుకునేది.

ఆవిణ్ణి తిప్పే పని నా నెత్తిన పడింది. నాది ఊరూరా మీగడ క్యాన్లు ఎత్తి వెన్న ఫ్యాక్టరీలో దింపే లారీ.

“అత్తా, ఆ ఫోటో పక్కన పెట్టు, మోకాళ్ళు పడిపోతాయి.”

“నువ్వు రోడ్డు చూడరా పెనీ. గుంటల్లో దింపావంటే వాడి తలకి దెబ్బ తగుల్తుంది.”

“విమానం నడిపినోడు నా లారీకి భయపడతాడా?”

“వాడు నీలా నడిపేవాడు కాదులే.”

నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాంపిల్లలున్నవాణ్ణి, నా ఆదివారాలన్నీ లేనివాడి పాలయ్యాయి.

అలాగే ఒకసారి రేవు అవతలి ఊళ్ళో ఓ ముసలావిడ పోతే వెళ్ళాం. వచ్చిన జనానికి వండే చేతులు చాలక, ఆల్చిప్పల కుండ పొంగి పొయ్యి ఆరిపోయిందని వంటింట్లోంచి ఒకటే గోల. పని చూసి ఊరుకునే మనిషా మా అత్త? ఫోటో కుర్చీలో పెట్టి, “చూస్తుండరా,” అని నాకు చెప్పి, చిలగడదుంపలు చెక్కడానికి పరిగెత్తింది.

అంతలో వాన అందుకుంది. ఆ ఊరి అమ్మాయిలు ముంగిట్లో కుర్చీలు లోపలికి లాగుతూ ఫోటో చూశారు. చావు దగ్గర కుర్రవాడి ఫోటో దొరికితే దాని చోటెక్కడో మా పసిపిల్లల్నడిగినా చెబుతారు. వాళ్ళలో ఒక పిల్ల తడి అద్దాన్ని గౌను అంచుతో తుడిచి, తీసుకెళ్ళి వసారాలో శవపేటిక పక్కన, మిగతావాటి వరసలో నిలబెట్టింది. నేను లేచాను. కానీ అప్పుడే గేటు దగ్గర దక్షిణం వైపు ఊళ్ళ నుంచి వచ్చిన జనం నిలబడ్డారు. ఇటు నుంచి ఆడవాళ్ళ స్వాగతపు పిలుపు, అటు నుంచి జవాబు మొదలైపోయాయి. వచ్చేవాళ్ళు ముంగిట్లో నడుస్తుంటే ఎవరూ అడ్డం వెళ్ళకూడదు. నేను ఉన్నచోటే ఆగిపోయాను.

వాళ్ళలో నలభై ఏళ్ళ ఆవిడ ఒకతె ఏడుస్తూ ఫోటోల వరస చూస్తూ వచ్చి, మతియు దగ్గర ఆగింది.  మోకాళ్ళ మీద కూలబడి, అద్దానికి నుదురు ఆనించి, గొంతెత్తింది.

“మతియూ! ఇక్కడున్నావా మతియూ! మీ ఊరికి తీసుకెళ్తానన్నావు, రేవు చూపిస్తానన్నావు, అక్క దగ్గర కూర్చోబెడతానన్నావు! నీ మొహం చూసుకోడానికి ఒక్క ఫోటో లేకుండా చేశావు కదరా! నీ పక్కన ఎగిరిన పిలగాడు నువ్వు పడ్డచోటే తిరిగాడంట, పెట్రోలు అయిపోవచ్చేదాకా ఆ నీళ్ళ మీదే తిరిగాడంట, నువ్వు పైకి రాలేదంట!”

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చేతిలో సగం చెక్కిన దుంప. ఆ ఏడుపులో తమ్ముడి పేరు విని వచ్చిందన్నమాట. అప్పుడు ఆవిడ మా వాళ్ళెవరూ చేయని పని చేసింది. తడి చేతులతో, నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో, వానలో ఆ ముంగిలికి అడ్డంపడి నడిచింది. జనం గతుక్కుమన్నారు. ఫోటో లాక్కుని ఆ మనిషిని జుట్టు పట్టి లేపుతుందనుకున్నాను.

“పైకి రాలేదా?” అని అడిగింది అత్త.

ఆవిడ తలెత్తింది. “రాలేదక్కా.”

“ఎవరు చూశారు?”

“వాడి పక్కన ఎగిరిన తెల్ల కుర్రాడు. మా ఊళ్ళోనే వాళ్ళకి విమానం నడపడం నేర్పింది. వాడు నేను పనిచేసే రొట్టెల కొట్టుకొచ్చి, నా ఎదురుగా నిలబడి చెప్పాడు. విమానం నిలువునా దిగిపోయిందన్నాడు.”

“మాకెందుకు చెప్పలేదే?”

“నేనెవర్నని రావాలక్కా? నా పేరు మాకరెటా. మా ఇద్దరి సంగతి మీలో ఒక్కరికైనా తెలుసా?”

అత్త చేతిలో దుంప జారి పడింది. మాకరెటా పక్కనే చతికిలబడింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు చెప్పడం నా వల్ల కాదు. అందులో మా తాత ఏడుపు కూడా కలిసి ఉందనిపించింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. అంతకు ముందు క్షణం దాకా అత్తని తిట్టుకుంటూ ఉన్నవాణ్ణి. ఆ ఊరి పెద్దాయన మాట్లాడటానికి లేచినప్పుడు, పోయిన ముసలావిడ పేరుతో పాటు మతియు పేరూ చెప్పి, “వెళ్ళు, మీ అమ్మ దగ్గరికి వెళ్ళు,” అని పోయిన ఇద్దర్నీ ఆ లోకానికి సాగనంపాడు. అత్త అడ్డుపడలేదు.

తిరుగు ప్రయాణంలో లారీలో ముగ్గురం. ఫోటో మాకరెటా ఒళ్ళో ఉంది. అత్తే ఇచ్చింది. ఇచ్చిందన్నమాటే గానీ దారంతా ఒకటే సణుగుడు.

“సరిగ్గా పట్టుకో. అలా కాదు, రెండు చేతులా పట్టుకో.”

“పట్టుకున్నానక్కా.”

“వాడికి గాలి ఆడొద్దూ?”

తన చేతులకి పని లేక సీటు నొక్కింది, కిటికీ తీసింది, మూసింది, చివరికి నా చొక్కా బొత్తాం తెగేదాకా లాగింది.

మా ఊళ్ళో కబురు మాకన్నా ముందే చేరింది. పెద్దిల్లు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. మా నాన్న కూడా ఉన్నాడు, సుత్తి పట్టుకుని. ఆ సుత్తి నా చేతికిచ్చాడు. జనం ఆ సాయంత్రమంతా మతియు కోసం ఏడ్చారు, ప్రార్థన చేశారు. ఆ తర్వాత నేను బల్లెక్కి నాయనమ్మ ఫోటో పక్కన మేకు కొట్టాను. మాకరెటా ఫోటో పైకి అందించబోతే అత్త ఆపింది.

“ఉండు. ఏదీ, ఆ మేకు పీకి చూడరా.”

పీకి చూశాను. కదల్లేదు.

“ఇంకోటి కొట్టు.”

“ఒకటి చాలత్తా, ఫోటో ఎంత బరువుందని?”

“కొట్టమన్నానా! వాడు ఒకసారి పడ్డాడు, చాలు.”

 మా నాన్న జేబులోంచి రెండో మేకు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ నాకందించింది.