మూసిన బావి మీద మా ఇల్లు

మా ఎదురింటి పెద్దాయన మొన్న పొద్దున పోయారు. రోజూ గేటు దగ్గర వినపడే “నీళ్ళెంతమ్మా?” అన్న కేక రాలేదు. ఆయన కోడలు ఏడుస్తూ వచ్చి చెప్పింది.

ఆ కేకేమిటో మీకు చెప్పాలి. మహదేవపురలో మేం ఈ ఇల్లు కొన్న రెండో ఏడు, వానలు వెలిశాక, ఒక గదిలో నేల కిందనుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. పైపు పగల్లేదు, కప్పు కారలేదు. టైల్సు సందుల్లోంచి అలా లేచేవి. అదే గదిలో తుంటి విరిగిన మా అమ్మ. కదిలించొద్దన్నాడు డాక్టరు. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. మేస్త్రి ఒక మూల సిమెంటు పూస్తే ఇంకో మూల లేచేవి. నా బుర్ర పనిచెయ్యలేదు. గదంతా కాంక్రీటు వేయించేస్తానన్నాను.

మేస్త్రి సిమెంటు మాల్ కలిపేశాక పెద్దాయన గడప దగ్గర నిలబడ్డారు. “నిలపప్పా! నీళ్ళకు మూత ఎయ్యకూడదు, దోవ ఇయ్యల్ల.”

“మీ ఇల్లు కాదుగా తాతా, ఎన్నైనా చెప్తారు!” అని కసిరేశాను. ఆ మాటకు ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

ఆయన ఇంటికెళ్ళి గిన్నెడు రాగిపిండి తెచ్చారు. నేల పొడిగా తుడిపించి, సందుల వెంట పిండి చల్లారు. కిటికీ మూల పిండి ముందుగా తడిసి నల్లబడింది. ఆయన అక్కడే చతికిలబడి, అరచెయ్యి నేలకానించి, చాలాసేపు తియ్యలేదు.

“ఈడ బావి ఉండాది. పడుచోణ్ణప్పుడు నేనే తవ్వినా. ప్లాటు ఏసేటప్పుడు మట్టేసి మూసిందీ నేనే. మీరు కొన్నప్పుడే చెప్పల్ల. భయపడి చెప్పలేదమ్మా.”

ఇన్నాళ్ళూ తెలిసీ నోరు మూసుకున్నాడా! ఒళ్ళు మండిపోయింది. మంచం మీదనుంచి అమ్మ కేకేసింది: “తిట్టేది రేపు తిట్టవే. ముందు నీళ్ళు చూడు!”

కరెంటు మెయిన్ ఆపేశాం. గడ్డపారతో ఆయనే టైలు పగలగొట్టారు. బుస్సుమని నీళ్ళు ఎగదన్నాయి. మంచం కింద ఒక ఇటుక మునిగింది, నీళ్ళు రెండోదాన్ని తాకాయి. “అమ్మా!” అని నేను మంచం పట్టుకుని కూర్చున్నాను. ఎత్తుకుపోదామంటే డాక్టరు కదిలించొద్దన్నాడు. ఆయన మాత్రం తవ్వుతూనే ఉన్నారు. మేస్త్రి తెచ్చిన చిల్లుల సిమెంటు రింగు దించి, చుట్టూ కంకర పోసి, వాళ్ళింటినుంచి వైరు లాగి మోటరు పెట్టారు. సాయంత్రానికి నీళ్ళు తగ్గి ఇటుకలు బయటపడ్డాయి. అప్పుడుగానీ ఆయన గడప మీద కూర్చోలేదు. తిట్టడం మర్చిపోయి కాఫీ ఇచ్చాను.

ఆ మర్నాటినుంచే గేటు దగ్గర కేక. నేను రింగు మీది మూత తీసి కర్ర ముంచి, తడి ఎంతుందో చెప్పేదాన్ని. జానెడంటే నవ్వేవారు. మూరెడంటే మోటరు వేసేదాకా కదిలేవారు కాదు. “మూసినోణ్ణి కదమ్మా, నేనే అడగల్ల” అనేవారు.

నిన్న ఆయన్ని మా గేటు ముందునుంచే తీసుకెళ్ళారు. లోపల్నుంచి అమ్మ అరిచింది: “నీళ్ళెంతో చెప్పవే, ఆయప్ప పోతాండాడు!”

పరిగెత్తి కర్ర ముంచి గేటు దగ్గరికొచ్చాను. మోసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగారు. కర్ర పైకెత్తి ఆయనకే చూపించాను. తడి జానెడే.