గడ్డం ఆనవాలు

మన్యంలో పితూరీ లేచిన ఏడాది నేను యానాంలో వీధిబడి పంతులుని. యానాం ఫ్రెంచివాళ్ళది, గౌతమి అవతలి గట్టు ఇంగ్లీషువాళ్ళది. ఆ గట్టున, ఎదుర్లంకలో, పురిటికి పుట్టింటికి వెళ్ళిన నా భార్య నెలలు నిండి ఉంది. తొలి కాన్పు. ఆ వేళకు దగ్గరుంటానని మాటిచ్చి పంపాను.

మన్యంలో ఠాణాలు తగలబెట్టినవాళ్ళలో ఒకడు పడవలో దిగువకు వచ్చాడనీ, ఇంగ్లీషు పోలీసులు అడుగుపెట్టలేని యానాంలో దాక్కున్నాడనీ పుకారు. ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగా ఉండే రెండు దొరతనాలకూ ఆ భయంతో పొత్తు కుదిరింది. ఇక్కడ తెలిసింది అక్కడికి, అక్కడ తెలిసింది ఇక్కడికి రోజూ పడవ మీద చేరాలని ఒప్పందం. ముందుగా అవతలి నుంచి ఆనవాళ్ళు వచ్చాయి. బక్కపలచని మనిషి, భుజాల దాకా జుట్టు, గుబురు గడ్డం.

భార్య కడుపుతో ఉంటే మాలో మగవాడు మంగలి కత్తి తాకనివ్వడు. తాకితే తల్లికీ బిడ్డకూ కీడని భయం. అలా పెంచిన నా జుట్టూ గడ్డమూ ఆ ఆనవాళ్ళకు అతికినట్టు సరిపోయాయి. బక్కపలచదనం పుట్టుకతోనే ఉంది.

ఎక్కడి నుంచో తెచ్చిన కొత్త జవాన్లు అవతలి రేవులో నన్ను పడవ దిగనివ్వలేదు. ఫ్రెంచివాళ్ళ ఊరి మనిషిని ఊరికే పట్టుకుంటే పేచీ అని పట్టుకోనూ లేదు. నువ్వు వాడివి కాదని మీ ఠాణా నుంచి మాట తెమ్మన్నారు. యానాం ఠాణాలో, చిన్నప్పటి నుంచీ నన్నెరిగిన జవాను తల గోక్కున్నాడు. ఆనవాళ్ళు పంపింది వాళ్ళు కాబట్టి అనుమానం కొట్టేయాల్సిందీ వాళ్ళేనట. మళ్ళీ అవతలికి వెళ్తే, మీ ఊరి మనిషి సంగతి మీరే తేల్చుకోవాలన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అనుమానానికి రోజూ పడవ ఉంది, అది తప్పని చెప్పే మాటకు లేదు.

ఇంతలో నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. జవానుకు నన్ను చూసి జాలేసింది.

“ఆ గడ్డం తీయించేసుకోండి పంతులుగారూ. గడ్డంతోపాటే అనుమానమూ పోద్దండి.”

మంగలి ముందు కూర్చున్నాను. ఆమెకేమైనా అయితే అని భయం, వెళ్ళకపోతే మాట తప్పానని దిగులు. కళ్ళు మూసుకుని గొరిగించుకుని పడవెక్కాను.

నాకంటే ముందే కబురు చేరింది, అనుమానితుడు గడ్డం తీయించుకున్నాడని. సలహా చెప్పిందీ ఆ జవానే, ఒప్పందం ప్రకారం కబురు పంపిందీ ఆ జవానే. పాపం, ఆయన పని ఆయన చేశాడు. ఈసారి చేతులు కట్టి రేవు పాకలో కూర్చోబెట్టారు. ఇక్కడ నిన్నెరిగినవాళ్ళు ఎవరని అడిగితే అత్తగారని చెప్పాను. పిలిపించారు.

ఆమె ఏనాడూ నా ఎదుట పడింది కాదు. తలుపు వెనక నుంచే మాట్లాడేది. కొంగు అడ్డం పెట్టుకుని నా నున్నటి ముఖం కేసి చూసింది.

“నేనేనండి,” అన్నాను.

ఆమె జవానుతో చెప్పింది. “గొంతు అలాగే ఉందండి. కానీ ఇంట్లో మా అమ్మాయి నొప్పులు పడతా ఉంది. మా అల్లుడైతే ఈవేళ గడ్డం తీయించుకోడండి.”

మధ్యాహ్నం ఆమె పంపిన పాలేరు పాక ముందు నుంచే రేవులోకి దిగాడు. ఎక్కడికని జవాన్లు అడిగారు. యానాం పంతులుగారికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా కులాసా అనీ చెప్పడానికి వెళ్తున్నానన్నాడు. వాణ్ణి ఎవరూ ఆపలేదు. ఆ పంతులు నేనేనని అరిచాను. వాడు నా ముఖం ఒకసారి చూసి, పడవ తొయ్యమన్నాడు.